చిన్నపిల్లల తరగతికి నోటుపుస్తకం కొలబద్ద కాకూడదు

సంపాదకులకు నమస్కారాలు.

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల చదువు గురించి పెద్దలు మాట్లాడుకునేటప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న ‘ఇప్పటికి ఏమేం రాయడం వచ్చింది?’ అన్నదే. ఆ ప్రశ్నకు జవాబుగా బడులు నిండిన నోటుపుస్తకాలు చూపిస్తాయి, తల్లిదండ్రులు వాటిని తిరగేసి తృప్తి పడతారు, టీచర్లు ఆ పుస్తకాలు నిండేలా తమ రోజును సర్దుకుంటారు. చాలాకాలంగా ఈ వయసు పిల్లలకు పాఠాలు చెబుతూ, కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవారికి శిక్షణ ఇస్తూ ఉన్నదాన్ని కనుక, ఈ కొలబద్ద వల్ల పిల్లలకు జరుగుతున్న నష్టాన్నీ, దానికి బదులు తరగతి గదిలో ఏమి చూడాలన్న విషయాన్నీ మీ పాఠకుల ముందు కొంత వివరంగా ఉంచాలనుకుంటున్నాను. విషయం రెండు ముక్కల్లో తేలేది కాదు కనుక ఉత్తరం పొడవైనందుకు మన్నించమని కోరుతున్నాను.

చిన్నపిల్లలు నేర్చుకునే తీరు పెద్దపిల్లల తీరుకు భిన్నమైనదన్న గ్రహింపు కొత్తది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఆటవస్తువులతో విద్యాలయం ప్రారంభించినప్పుడూ, రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి 1907లో తన మొదటి శిశు విద్యాలయం తెరిచినప్పుడూ ఆ గ్రహింపే వారిని నడిపించింది. అయితే ‘ఎదుగుదలకు తగిన బోధన’ అనే పేరుతో దానికి ఒక వృత్తి ప్రమాణం రూపం ఇచ్చినది అమెరికాకు చెందిన నేషనల్ అసోసియేషన్ ఫర్ ది ఎడ్యుకేషన్ ఆఫ్ యంగ్ చిల్డ్రన్ అనే సంఘం. పై తరగతుల పాఠాలు, పరీక్షలు క్రమంగా చిన్నపిల్లల గదుల్లోకి దిగివస్తున్నాయన్న ఆందోళనతో ఆ సంఘం 1980లలో ఈ పని తలపెట్టి, 1987లో పుట్టుక నుంచి ఎనిమిదేళ్ల వరకు పిల్లలతో పనిచేసేవారి కోసం ఒక విధాన పత్రాన్ని పుస్తకంగా వెలువరించింది. బోధన పిల్లల వయసుకు తగినదా, ఎదురుగా ఉన్న ఆ ఒక్క బిడ్డకు తగినదా అన్న రెండు ప్రశ్నలే అందులో ముఖ్యంగా ఉన్నాయి. పిల్లల కుటుంబాన్నీ, భాషనూ, పెరిగే వాతావరణాన్నీ పట్టించుకోలేదన్న విమర్శ వచ్చిన తరువాత, 1997లో వచ్చిన సవరణలో ఆ మూడో ప్రశ్న కూడా చేరింది. 2009లోనూ 2020లోనూ దాన్ని మళ్లీ తిరగరాశారు. ఒక వృత్తి సంఘం విమర్శను స్వీకరించి తన మాటను ఇన్నిసార్లు సవరించుకోవడం నాకు దాని మీద గౌరవాన్ని పెంచింది.

ఈ బోధన గురించి ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. పిల్లలను వారి మానాన ఆడుకోనివ్వడం, ఏమీ నేర్పకుండా ఊరుకోవడం, అక్షరాలు అంకెలు దగ్గరికి రానివ్వకపోవడమే దాని అర్థమని చాలామంది అనుకుంటారు. కొందరు టీచర్లు కూడా అలాగే అర్థం చేసుకుని, బొమ్మలు గది మధ్యలో పోసి తాము పక్కన కూర్చుంటారు. అది ఎదుగుదలకు తగిన బోధన కాదు, అక్కడ అసలు బోధనే లేదు. ఒక బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకుని, అక్కడి నుంచి అతడు అందుకోగలిగిన తరువాతి మెట్టు ఏదో ఊహించి, దాన్ని చేరే అవకాశాన్ని గదిలోనే సిద్ధం చేయడం ఈ బోధనలో టీచరు చేయవలసిన పని. అందరిచేత ఒకే పేజీ రాయించడం కన్నా దీనికి ఎంతో ఎక్కువ తెలివీ, ముందస్తు ఏర్పాటూ, ఓపికా కావాలి. ఇందులో లక్ష్యాలు లేవనుకోవడం కూడా పొరపాటే. లక్ష్యాలు ఉంటాయి, అవి బిడ్డకు కొంచెం సవాలుగానూ, ప్రయత్నిస్తే చేతికి అందేవిగానూ ఉంటాయి.

రాత సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా మృదులాస్థి దశలోనే ఉండి, ఆ తరువాత ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్ల బిడ్డ చేతిని ఎక్స్‌రే తీస్తే వాటిలో సగానికి మించి కనిపించకపోవడం సాధారణమే, చివరిది కనిపించేసరికి ఎనిమిది తొమ్మిదేళ్లు దాటవచ్చు. రాతకు ఎముకలు ఒక్కటే చాలవనుకోండి. కదలికల మీద అదుపు ముందుగా భుజానికి, తరువాత మోచేతికి, మణికట్టుకు, అన్నిటికన్నా చివర వేళ్లకు వస్తుంది. అందుకే మూడేళ్ల పిల్లలు క్రేయాన్‌ను గుప్పిటతో పట్టుకుని చేయి మొత్తం ఊపుతూ గీస్తారు. ఆ బిడ్డ మొండికేస్తున్నట్టు కాదు, ఆ చేతికి అప్పటికి తెలిసిన పద్ధతి అది. గీతల విషయంలోనూ ఒక క్రమం ఉంది. చూసి గీయమంటే చాలామంది పిల్లలు మూడేళ్ల ప్రాంతంలో గుండ్రని గీతను, నాలుగేళ్ల ప్రాంతంలో కూడిక గుర్తును, ఆ తరువాత చతురస్రాన్ని, ఐదేళ్లు దాటాక త్రికోణాన్ని గీయగలుగుతారు. ఏటవాలు గీతలు నాలుగు కలిసే వజ్రం ఆకారం ఆరేడేళ్లకు గాని చేతికి లొంగదు. ఏ లిపిలోని అక్షరమైనా ఇలాంటి గీతలు, వంపులు, మలుపుల కూర్పే. త్రికోణం గీయలేని చేతిచేత ఇరుకైన రెండు గీతల మధ్య పేజీలకు పేజీలు అక్షరాలు దిద్దిస్తే, ఆ బిడ్డ రాయడం నేర్చుకునే మాట అటుంచి, పెన్సిల్ తప్పుగా పట్టుకునే అలవాటునూ, రాత అంటే విసుగునూ ముందు నేర్చుకుంటాడు.

మాంటిస్సోరి పిల్లలు నాలుగైదేళ్లకే రాశారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, రాశారు. అయితే ఆ పిల్లల చేతికి రాత రావడానికి ముందు నెలల తరబడి జరిగిన తయారీని మనం చూడాలి. పిడి ఉన్న చెక్క స్తంభాలను మూడు వేళ్లతో పట్టి సరైన గుంటలో దించడం, గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేళ్లతో రాస్తూ వాటి ధ్వనిని పలకడం, లోహపు చట్రాల లోపల గీతలు నింపడం వంటి పనులన్నీ ఆ పిల్లల వేళ్లను ముందే సిద్ధం చేశాయి. ఆ తయారీని వదిలేసి ఫలితాన్ని మాత్రం అడగడం న్యాయం కాదు. మట్టి పిసకడం, కాగితం చింపి అతికించడం, పూసలు గుచ్చడం, క్లిప్పులు పెట్టడం, ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి నీళ్లు ఒలకకుండా పోయడం, నిలువుగా నిలబెట్టిన పలక మీద పెద్ద కుంచెతో రంగు పూయడం వంటివి చూసేవారికి కాలక్షేపంగా కనిపిస్తాయి. టీచరు వాటిని ఒక క్రమంలో, ఒక ఉద్దేశంతో అమర్చినప్పుడు రాతకు పునాది పడేది అక్కడే. ఒక బిడ్డ తనంతట తాను తన పేరు రాసుకోవాలని ముచ్చటపడితే నిరభ్యంతరంగా నేర్పాలి. పిల్లలకు అన్నిటికన్నా ముందు అర్థవంతమైన మాట వారి పేరే.

అంకెల విషయానికి వస్తే, ఒకటి నుంచి నూరు వరకు గడగడా అప్పజెప్పే బిడ్డను చూసి లెక్కలు వచ్చేశాయనుకుంటాం. అదే బిడ్డ ముందు గవ్వలో, గుండీలో కుప్పగా పోసి ‘ఐదు ఇవ్వు’ అంటే గుప్పెడు తీసి ఇవ్వడం మూడు నాలుగేళ్ల వయసులో తరచూ కనిపించేదే. గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో పిల్లల లెక్కింపు వెనుక ఉన్న ఐదు సూత్రాలను వివరించారు. ప్రతి వస్తువుకూ ఒకే ఒక్క అంకె చెప్పాలి, అంకెల వరుస మారకూడదు, చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో తెలియజేస్తుంది, ఏ రకం వస్తువులనైనా లెక్కించవచ్చు, ఎటు నుంచి లెక్కించినా మొత్తం మారదు. పెద్దలకు ఇవి చెప్పనవసరం లేని సంగతులు, పిల్లలకు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆవిష్కరణ. ఏడు గుండీలను చక్కగా లెక్కపెట్టిన వెంటనే ‘మొత్తం ఎన్ని?’ అని అడిగితే, జవాబు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే బిడ్డకు మూడో సూత్రం ఇంకా అందలేదన్నమాట. ఆ బిడ్డ నోటుపుస్తకంలో నూరు వరకు అంకెలు ముత్యాల్లా ఉండవచ్చు, ఈ లోటు అందులో ఎక్కడా కనిపించదు. సమానంగా పేర్చిన రెండు వరుసల్లో ఒకదాన్ని ఎడంగా జరిపితే అందులో ఎక్కువ ఉన్నాయని చెప్పే పిల్లల గురించి స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చేసిన పరిశీలనలు ఉపాధ్యాయ శిక్షణలో చదివినవారందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ వివరణలో కొన్ని అంశాలను తరువాతి పరిశోధకులు సవరించినా, పిల్లల ఆలోచన పెద్దల ఆలోచనకు కుదించిన రూపం కాదన్న ఆయన మూల పరిశీలన చెక్కుచెదరలేదు.

మరి సంఖ్యాజ్ఞానాన్ని ఎలా పెంచాలి? గదిలో ఉన్న పిల్లలందరికీ ఒక్కో గ్లాసు సరిపోతుందో లేదో చూడమని ఒక బిడ్డకు అప్పగిస్తే చాలు, ఒకటికి ఒకటి పొసగించడం ఎందుకో ఆ బిడ్డకు అక్కడికక్కడే తెలుస్తుంది. రామాని, సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పేద కుటుంబాల నుంచి వచ్చిన చిన్నపిల్లలు ఒకటి నుంచి పది వరకు అంకెలు వరుసగా ఉన్న గళ్ల పలక మీద కొద్దిసార్లు ఆడినందుకే వారి సంఖ్యాజ్ఞానం మెరుగైంది, వారాల తరువాత చూసినా ఆ మెరుగు నిలిచింది. రంగుల గళ్లు మాత్రమే ఉన్న పలకతో ఆడినవారిలో అది కనిపించలేదు. రెండూ ఆటలే. ఒకదానిలో మాత్రం నేర్చుకోవలసిన అంశాన్ని ఆటలోనే ఆలోచించి అమర్చారు. ఈ తేడాను నా దగ్గర శిక్షణ పొందేవారికి నేను పదే పదే చెబుతాను. ఆట ఉంటే చదువు దానంతట అదే వస్తుందని నమ్మేవారికీ, ఆటలో చదువు ఉండదని నమ్మేవారికీ ఆ రెండు పలకలు ఒకేసారి సమాధానం చెబుతాయి.

దీన్ని కట్టుడు దిమ్మెల మూలలో ఇంకా స్పష్టంగా చూడవచ్చు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడే ప్రామాణిక చెక్క దిమ్మెలను గత శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లో కరోలిన్ ప్రాట్ అనే ఉపాధ్యాయిని రూపొందించారు. వాటిలో మూల దిమ్మెకు మందం కన్నా వెడల్పు రెట్టింపు, వెడల్పు కన్నా పొడవు రెట్టింపు. మిగతా దిమ్మెలు దానికి సగమో, రెట్టింపో, నాలుగింతలో ఉంటాయి. రెండు పొట్టి దిమ్మెలు కలిపితే ఒక పొడుగు దిమ్మె అవుతుందన్న సంగతి పిల్లల చేతులకు భిన్నాల పాఠం కన్నా ఎన్నో ఏళ్ల ముందే తెలుస్తుంది. ఇద్దరు పిల్లలు వంతెన కడుతున్నారనుకుందాం. పై దిమ్మె అటూ ఇటూ అందక పదే పదే పడిపోతోంది. ఒక టీచరు దాన్ని పట్టించుకోకుండా పోతారు. మరొకరు వచ్చి తామే సరిచేసి ‘ఇలా పెట్టాలి’ అంటారు. ఈ ఇద్దరి వల్లా పిల్లలకు దక్కేది కొంచెమే. మూడో టీచరు పక్కనే కూర్చుని కాసేపు చూసి, ‘ప్రతిసారీ ఏ వైపు నుంచి పడుతోంది?’ అని అడుగుతారు. పిల్లలు ఆగి చూస్తారు, స్తంభాలు దగ్గరికి జరుపుతారు, లేదా ఇంతకన్నా పొడవైన దిమ్మె కోసం వెతుకుతారు. ‘పొడవు’, ‘ఎడం’, ‘ఆనిక’, ‘బరువు’ వంటి మాటలు అప్పుడు టీచరు నోట వస్తాయి, పిల్లలు వాటిని అవసరమైన చోటే వింటారు. మర్నాడు ఆ మూలలో రెండు మూడు వంతెనల ఫొటోలు, కొన్ని పొడవైన పలకలు కనిపిస్తాయి. ఒంటరిగా చేయలేనిది, తెలిసినవారి తోడుతో చేయగలిగేది అయిన ఆ నడుమ జాగాలోనే బోధన పనిచేస్తుందని రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త విగోట్‌స్కీ చెప్పిన మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. విచారకరమైన సంగతి ఏమిటంటే, గది గుమ్మం నుంచి తొంగిచూసే పర్యవేక్షకునికి ఈ మూడో టీచరు ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తారు.

చదవడం విషయంలో తొందర మరీ ఎక్కువ. అక్షరాలు నేర్పకూడదని ఎదుగుదలకు తగిన బోధన ఎన్నడూ చెప్పలేదు. ప్రాసలు, పాటలు, ఒకే ధ్వనితో మొదలయ్యే మాటల ఆటలు, మాటను ముక్కలుగా విడదీసి చప్పట్లు కొట్టడం వంటివన్నీ పిల్లల చెవిని అక్షరానికి సిద్ధం చేస్తాయి, ఇవి రోజూ జరగాలి. కథ చదివేటప్పుడు పిల్లలను ఊరికే వినమనకుండా, మధ్యలో ఆపి ‘ఇప్పుడేమవుతుంది? ఎందుకలా చేశాడు?’ అని అడుగుతూ, వారి జవాబుకు మరో రెండు మాటలు చేర్చి తిరిగి చెబుతూ సాగే పద్ధతిని వైట్‌హర్స్ట్ బృందం 1988లో పరీక్షించి, పిల్లల మాటతీరు దానివల్ల మెరుగవుతుందని చూపింది. ఇక ముందుగా చదవడం మొదలుపెట్టినవారే ఎప్పటికీ ముందుంటారన్న నమ్మకం విషయానికి వస్తే, న్యూజిలాండ్‌లో ఐదేళ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లలనూ, ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లలనూ పోల్చి సగేట్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పదకొండేళ్లు వచ్చేసరికి చదివే వేగంలో ఇద్దరి మధ్య తేడా మిగలలేదు. ఫిన్‌లాండ్‌లో ప్రాథమిక విద్య బిడ్డకు ఏడేళ్లు నిండే ఏడాదే మొదలవుతుంది. నాలుగేళ్లకే తనంతట తాను చదువుతున్న బిడ్డను ఆపమని దీని అర్థం కాదు. ఆ బిడ్డకు పుస్తకాలు అందించాలి, పక్క బిడ్డను మాత్రం ఆ బిడ్డతో పోల్చకూడదు.

పరిశోధనల ప్రస్తావన వచ్చింది కనుక మరో రెండింటిని చెప్పాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1967లో మొదలైన ఒక అధ్యయనంలో పేద కుటుంబాలకు చెందిన 68 మంది చిన్నపిల్లలను మూడు రకాల తరగతుల్లో ఉంచారు. ఒకదానిలో టీచరు రాసిపెట్టిన పాఠాన్ని నేరుగా బోధించేవారు. మిగతా రెండింటిలో పిల్లలు తమ పనులను తాము ఎంచుకునే వీలు ఉండేది. మొదట్లో మూడు బృందాల తెలివితేటల కొలతలూ ఇంచుమించు ఒకేలా పెరిగాయి. ఇరవై మూడేళ్ల వయసు వరకు వారిని గమనించినప్పుడు మాత్రం, నేరుగా బోధన పొందిన బృందంలో మానసిక, సామాజిక ఇబ్బందులు, చట్టంతో చిక్కులు ఎక్కువగా కనిపించాయి. ఇది చిన్న అధ్యయనం, దాని మీద విమర్శలు కూడా ఉన్నాయి, దీన్నొక్కదాన్నే ఆధారం చేసుకుని ఎవరూ తీర్పు చెప్పకూడదు. రెండోది టెనెస్సీ రాష్ట్రానిది. ప్రభుత్వం నడిపే పూర్వ ప్రాథమిక తరగతుల్లో లాటరీ ద్వారా చోటు దొరికిన పిల్లలనూ, దొరకని పిల్లలనూ ఏళ్ల తరబడి పోలుస్తూ వచ్చిన పెద్ద అధ్యయనం అది. మొదట్లో చోటు దొరికినవారే ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి వారి మార్కులు తక్కువగా, క్రమశిక్షణ ఫిర్యాదులు ఎక్కువగా ఉన్నాయని 2022లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. దీనికి కారణం ఏమిటన్నదాని మీద ఇంకా చర్చ సాగుతూనే ఉంది. పిల్లలను తొందరగా బడిలో చేర్చడం ఒక్కటే మేలు చేయదన్న మాట మాత్రం ఎవరికైనా ఒప్పుదల అవుతుంది. ఆ గదిలో రోజంతా వారు ఏమి చేస్తున్నారన్నది ముఖ్యం.

నాలుగేళ్ల బిడ్డ నలభై నిమిషాలు కదలకుండా కూర్చోకపోవడం క్రమశిక్షణా లోపం కాదు. తన వంతు వచ్చేవరకు ఆగడం, కోపాన్ని మాటల్లో చెప్పడం, మొదలుపెట్టిన పనిని పూర్తిచేయడం ఈ వయసులో అక్షరాల కన్నా ముందుగా నేర్వవలసిన చదువు. ఇవి మందలింపులతో రావు, కలిసి ఆడే ఆటల్లో పిల్లలు వాటిని ఒకరితో ఒకరు సాధన చేయడం వల్ల వస్తాయి. బహుమతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం సహజంగానే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొద్దిరోజుల తరువాత చూస్తే, ఆ పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మల వైపు వెళ్లడం మిగతావారితో పోలిస్తే ఇంచుమించు సగానికి తగ్గింది. ప్రతి పేజీకీ ఒక స్టారు అంటించే ముందు మనం ఈ ఫలితాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఒకే వయసు పిల్లలు ఒకేలా ఎదగరన్నది అందరూ ఒప్పుకునే మాటే, ఆచరణలో మాత్రం దాన్ని మరిచిపోతాం. మాట ఆలస్యంగా వచ్చిన బిడ్డ దిమ్మెలతో అద్భుతంగా కట్టవచ్చు, పాటలన్నీ వచ్చిన బిడ్డ మెట్లు దిగడానికి తడబడవచ్చు. వినికిడిలోనో చూపులోనో కదలికలోనో ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు అదే ఆటను కొంచెం మార్చి అందించాలి, వేరే మూల కూర్చోబెట్టకూడదు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష వినే బిడ్డ మొదటి నెలల్లో మౌనంగా ఉంటే ఆ బిడ్డకు ఏమీ రాదని తీర్మానించకూడదు. ఆ సమయంలో తన ఇంటి భాషలో ఆలోచనను పంచుకోనిస్తే, కొత్త భాష దాని మీదే నిలబడుతుంది.

పరీక్షలు పెట్టకపోతే బిడ్డ ఎక్కడ ఉన్నాడో ఎలా తెలుస్తుందని అడిగేవారికి సమాధానం పరిశీలన. టీచరు రోజుకు నలుగురైదుగురు పిల్లలను ప్రత్యేకంగా గమనించి, తేదీ వేసి, చూసింది చూసినట్టు ఒకటి రెండు వాక్యాలు రాసుకోవాలి. ‘చురుకుగా ఉన్నాడు’ అని రాస్తే అది అభిప్రాయం అవుతుంది. ‘ఆరు గుండీలను తాకుతూ లెక్కపెట్టాడు, మొత్తం ఎన్నని అడిగితే ఆరు అన్నాడు’ అని రాస్తే రేపటి పాఠానికి పనికొస్తుంది. నెలకొకసారి వేసిన బొమ్మలను తేదీలతో భద్రపరిస్తే, గుండ్రని గీత నుంచి కాళ్లూ చేతులూ ఉన్న మనిషి బొమ్మ వరకు ఆ బిడ్డ సాగిన దారి తల్లిదండ్రులకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక గంట రాతపరీక్ష ఇందులో పదోవంతు కూడా చెప్పలేదు.

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు బిడ్డకు చదవడం, రాయడం వచ్చి ఉండాలని బడులు కోరుతున్నప్పుడు, తమ బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న బెంగ వారికి కలగడం సహజం. తప్పు వారిది కాదు. ఎనిమిదేళ్ల వరకు చిన్నతనమేనని ఒప్పుకున్నాక, ఆరేళ్లు నిండిన మర్నాటి నుంచి బల్లకు అతికించి కూర్చోబెట్టే ఒకటో తరగతి కూడా మారాలి. కింది తరగతిని పై తరగతికి తగ్గట్టు బిగించే బదులు, పై తరగతి తన దగ్గరికి వచ్చే పిల్లలకు తగ్గట్టు సిద్ధం కావాలి. టీచర్ల ఇబ్బంది కూడా నిజమైనదే. నాలుగైదేళ్ల పిల్లలకు పదిమందికి ఒకరు చొప్పున, గదికి 20 మందికి మించకుండా ఉండాలని నేను పైన పేర్కొన్న సంఘం సూచిస్తోంది. దానికి రెట్టింపు మంది ఉన్న గదిలో ఒక్కరే నిలబడి ఉన్నప్పుడు, అందరిచేత ఒకే పేజీ రాయించడం తప్ప మరో దారి తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. అలాంటి గదుల్లో కూడా పిల్లలను నాలుగు గుంపులుగా చేసి, మూడు గుంపులకు తమంతట తాము చేసుకోగల పనులు అప్పగించి, టీచరు నాలుగో గుంపుతో పావుగంట కూర్చోవచ్చు. మొదటి నెలంతా ఆ పనులు ఎలా తీసుకోవాలో, ఎలా తిరిగి సర్దాలో నేర్పడానికే సరిపోతుంది. ఆ నెలను వృథా అనుకునే యాజమాన్యం ఏడాది పొడవునా గోలను భరించవలసి వస్తుంది. అయితే ఈ ఉపాయాలు పిల్లల సంఖ్య తగ్గించే బాధ్యత నుంచి ఎవరినీ తప్పించవు.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటి. బిడ్డను చేర్చే ముందు ఏ బడిలోనైనా ఒక అరగంట తరగతి గదిలో కూర్చుని చూసే అవకాశం అడగండి. టీచరు ఎక్కువగా మాట్లాడుతున్నారా, పిల్లలా అన్నది గమనించండి. టీచరు పిల్లల కళ్ల ఎత్తుకు వంగి మాట్లాడుతున్నారా, ఒకే జవాబున్న ప్రశ్నలే అడుగుతున్నారా, పిల్లల మాట పూర్తయ్యేవరకు ఆగుతున్నారా చూడండి. వస్తువులు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయా, గోడ మీద బొమ్మలన్నీ ఒకే అచ్చులో ఉన్నాయా అన్నది కూడా చాలా చెబుతుంది. రోజులో ఎంతసేపు ఆరుబయట గడుపుతారో అడగండి. ఇంటికి వచ్చిన బిడ్డను ‘ఏం రాశావు?’ అని అడిగే బదులు ‘ఎవరితో ఏం కట్టావు, ఏం కనిపెట్టావు?’ అని అడిగి, జవాబు నిదానంగా వినండి.

యాజమాన్యాలు పర్యవేక్షణ పట్టికల్లోంచి నోటుపుస్తకాల లెక్కను తీసేసి, ఆ స్థానంలో టీచరు పరిశీలన పుస్తకాన్ని చూడాలని కోరుతున్నాను. విద్యాశాఖలు ఈ వయసు పిల్లలకు బోధించేవారి అర్హతనూ, జీతాన్నీ, శిక్షణనూ పై తరగతుల ఉపాధ్యాయులతో సమానంగా చూడాలి. ఇందులో అన్నిటికన్నా క్లిష్టమైన పని చేసేవారికి అన్నిటికన్నా తక్కువ శిక్షణ ఇచ్చి గదిలోకి పంపడం ఎన్నో చోట్ల జరుగుతున్నదే. చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. మూడేళ్లకే వందల పేర్లు అప్పజెప్పిన బిడ్డ గురించి వార్త వేసేటప్పుడు, అదే పేజీలో ఒక మంచి చిన్నపిల్లల తరగతిలో ఒక ఉదయం ఎలా గడిచిందో చూసి రాయడానికి మీ విలేకరులలో ఒకరిని పంపండి. పిల్లలు, టీచర్లు మాట్లాడుకున్న మాటలను ఉన్నవి ఉన్నట్టు ప్రచురిస్తే, నేను ఈ ఉత్తరంలో చెప్పిన దానికన్నా ఎక్కువ పాఠకులకు అందుతుంది.

భవదీయురాలు,
చిన్నపిల్లల ఉపాధ్యాయిని